ఉన్న ఊరా, క్రొత్త ఊరా? చిక్కపేట చరిత్ర నేర్పు వివేకము

విద్యార్థులారా! వేసవి సెలవులు సమీపించు నాటికి మన బడి కార్యాలయమునకు బదిలీ పత్రముల కొరకు విన్నపములు వచ్చుచుండును. ఒకరు హైదరాబాదు పోవుచున్నామందురు. ఒకరు యలహంక వైపు ఇల్లు చూచుకొన్నామందురు. మరియొకరు తిరిగి హిందూపురమునకో మదనపల్లెకో చేరుచున్నామందురు. పిల్లలకు ఆ మాట చెప్పునప్పుడు కొంత ఉత్సాహము, కొంత దిగులు కలిసియుండును. పెద్దలకు మాత్రము ఆ నిర్ణయము వెనుక ఎన్నో రాత్రుల ఆలోచన యుండును. ఉన్న ఊరిలో ఉండవలెనా, క్రొత్త ఊరికి పోవలెనా అను ఈ ప్రశ్న మన పేటలోని ప్రతి కుటుంబమునకు ఏదో ఒకనాడు ఎదురగునదే. కావున దీనిని ఒక పాఠముగా తీసికొని విచారింతము.

మన పెద్దలు "ఉన్న ఊరు కన్నతల్లి" అనిరి. "దూరపు కొండలు నునుపు" అనియు హెచ్చరించిరి. ఆ పెద్దలే "కూటి కొరకు కోటి విద్యలు" అని కూడ అనిరి. ఈ సామెతలన్నియు నిజమే. కాని సామెత లెక్క వేయదు. లెక్క మనమే వేసికొనవలెను.

మేము ఈ వ్యాసములో చెప్పదలచిన విషయ మొక్కటియే. ఊరు మారుట అనునది ఒక్క ప్రశ్న కాదు. అందులో నాలుగు ప్రశ్నలు ముడివడియున్నవి. జీవనాధారము ఎక్కడ? నివాసము ఎక్కడ? పిల్లల చదువు ఎక్కడ? మన భాషయు మనవారును ఎక్కడ? ఈ నాలుగింటిని ఒకే మూటగా కట్టి "పోదమా, ఉందమా" అని అడిగినచో సమాధానము దొరకదు. మూట విప్పి ఒక్కొక్క దానిని వేరుగా చూచినచో దారి కనబడును. ఈ సంగతిని మన చిక్కపేట చరిత్రయే మనకు బోధించుచున్నది.

1. ఈ వీథియే ఒకనాటి క్రొత్త ఊరు

1537వ సంవత్సరములో యలహంక ప్రభువైన కెంపేగౌడ విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల అనుమతితో బెంగళూరు పేటను నిర్మించెను. దొడ్డపేట వీథి, చిక్కపేట వీథి కలియు కూడలిలో నాలుగు నాగళ్ళకు ఎడ్లను పూన్చి నాలుగు దిక్కులకు దున్నించెననియు, ఆ చాళ్ళే ఊరి ముఖ్య వీథులైనవనియు సంప్రదాయము చెప్పుచున్నది. కన్నడములో దొడ్డ యనగా పెద్ద, చిక్క యనగా చిన్న. ఆ దొడ్డపేటయే నేటి అవెన్యూ రోడ్డు. ఉత్తరమున యలహంక ద్వారము, తూర్పున హలసూరు ద్వారము, దక్షిణమున కోట ద్వారము, పడమట సొండెకొప్ప ద్వారము ఉండెడివి.

ఊరు కట్టుటకు గోడలు చాలవు, జనులు రావలెను. తమ తాతల నాటి గ్రామములను విడిచి క్రొత్త ఊరికి వచ్చుటకు వారికి ఏమి కారణము? మొదటిది నీరు. కెంపేగౌడ వంశీయులు ధర్మాంబుధి, కెంపాంబుధి, సంపంగి మొదలగు చెరువులను త్రవ్వించిరి. నేడు కెంపేగౌడ బస్సు స్టాండు ఉన్న చోటు ఒకప్పటి ధర్మాంబుధి. కంఠీరవ క్రీడాంగణ మున్న చోటు ఒకప్పటి సంపంగి చెరువు. రెండవది రక్షణ. కోటయు, అగడ్తయు, ద్వారములును దానిని కలిగించినవి. మూడవది వృత్తి. ఒక్కొక్క వృత్తివారికి ఒక్కొక్క పేట ఏర్పడెను. బియ్యమునకు అక్కిపేట, గాజులకు బళేపేట, ప్రత్తికి అరళెపేట, గానుగవారికి గాణిగరపేట, కుమ్మరులకు కుంబారపేట. ఈ పేర్లను చదువుటయే ఆనాటి అంగడిని చూచుట.

ఇట్లు పేటలలో స్థిరపడిన వారిలో తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము. నేతపనివారైన దేవాంగులు, పద్మశాలీలు, తొగటలు, వ్యాపారము చేయు బలిజలు, ఆర్యవైశ్యులు వీరిలో నుండిరి. కెంపేగౌడ పేర "గంగాగౌరీ విలాసము" అను తెలుగు యక్షగానము ప్రసిద్ధమై యున్నది. కన్నడ సీమలో కన్నడ ప్రభువు పేర తెలుగు కృతి వెలసినదనగా ఈ నగరమున రెండు భాషల పొత్తు ఎంత పాతదో తెలిసికొనవచ్చును.

ఇందుండి మనము గ్రహింపవలసిన దేమి? నేడు "ఉన్న ఊరు" అని మనము మమకారముతో చెప్పుకొను చిక్కపేట మన పూర్వులకు "క్రొత్త ఊరే". ఊరు విడిచినవారు తల్లిని విడిచినవారు కారు. అట్లే వారు కన్నులు మూసికొని రాలేదు. నీరు, రక్షణ, వృత్తి, తోడివారు అను నాలుగును ఉన్నవని చూచుకొని వచ్చిరి. క్రొత్త ఊరికి పోదలచిన ప్రతి కుటుంబము నేడును ఆ నాలుగింటినే అడుగవలెను.

2. ప్లేగు నేర్పిన పాఠము

ఇక 1898వ సంవత్సరమునకు వత్తము. ఆ యేడు ఆగస్టు నెలలో హుబ్బళ్ళి వైపునుండి రైలు మార్గమున ప్లేగు వ్యాధి బెంగళూరున ప్రవేశించెను. ఆనాటి పేటను ఊహించుకొనుడు. ఇరుకైన సందులు, గోడకు గోడ ఆనుకొనిన ఇండ్లు, అనేక గృహములలో క్రింద అంగడి, పైన లేక వెనుక కాపురము. ధాన్యపు మండీలలో ఎలుకలకు కొదవ లేదు. ఎలుకలపైనుండు గోమార్ల వలన ఈ వ్యాధి మనుష్యులకు వచ్చునని సైమండ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కరాచీలో ఆ యేడే కనుగొనెను; కాని ఆ సంగతి లోకము అంగీకరించుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. కావున ఏమి చేయవలెనో జనులకు తెలియలేదు. ప్రభుత్వము ఇండ్లు ఖాళీ చేయించెను. రోగులను వేరు శిబిరములలో ఉంచెను. ఎందరో ఊరు విడిచి పారిపోయిరి. 1891 జనాభా లెక్కలో దండుప్రాంతముతో కలిపి 1,80,366 మంది యున్న బెంగళూరు, 1901 లెక్కలో 1,59,046 మందికి తగ్గెను. పదేండ్లలో ఇరువది వేలకు మించిన తరుగుదల! ఇందులో చనిపోయినవారును ఉన్నారు, వెడలిపోయినవారును ఉన్నారు.

అప్పుడు దివానుగా నుండినవారు శేషాద్రి అయ్యరు గారు. పేట ఇరుకును తగ్గించుటకై అంతకుముందే 1892లో చామరాజపేట ఏర్పడియుండెను. 1898లో మల్లేశ్వరము, బసవనగుడి విస్తరణములు రూపు దిద్దుకొనెను. మొదటిది కాడు మల్లేశ్వరుని ఆలయము పేరను, రెండవది నంది గుడి పేరను వెలసినవి. వెడల్పైన వీథులు, ఇంటికిని ఇంటికిని నడుమ గాలి వెలుతురులకు చోటు, ఇండ్ల వెనుక మురుగు తీయు సందులు ఈ క్రొత్త పేటల లక్షణములు.

ఇక్కడ పేటవాసుల యెదుట ఒక కఠినమైన ప్రశ్న నిలిచెను. అంగడి పేటలోనున్నది. ఖాతాదారులు పేటకే వత్తురు. పేటను విడిచినచో బ్రదుకు తెరువు పోవును; విడువనిచో ప్రాణమే పోవచ్చును. "ఉందమా, పోదమా" అని మాత్రమే అడిగినవారికి రెండు సమాధానములును నష్టముగనే తోచెను. స్థోమత గలవారు మూడవ మార్గము త్రొక్కిరి. కాపురమును మల్లేశ్వరమునకో బసవనగుడికో మార్చి, అంగడిని పేటలోనే ఉంచిరి. ఉదయము పేటకు వచ్చి సాయంకాలము ఇంటికి పోవు అలవాటు ఇట్లు బలపడెను. తాతతండ్రుల నాటినుండి ఒక్కటిగా నుండిన అంగడియు ఇల్లును అప్పుడు విడిపోయెను.

ఈ మార్గము అందరికిని లభింపలేదని కూడ చెప్పవలెను. స్థలము కొని ఇల్లు కట్టుకొనగలిగినవారు పోయిరి. కూలివారు, చిన్న నేతగాండ్రు, అద్దె ఇండ్లవారు పేటలోనే మిగిలిరి. ఉండుట అన్నివేళల మమకారము వలన కాదు. పోవుట అన్నివేళల ధైర్యము వలన కాదు. చేతిలోని ధనము కూడ ఈ నిర్ణయమును చేయును. కావున పోయినవారిని నిందించుటయు, ఉన్నవారిని చిన్నచూపు చూచుటయు రెండును తప్పులే.

ఈ మూడవ మార్గము నేడు మునుపటికంటె సులభము. 2017 జూన్ నెలలో చిక్కపేట మెట్రో స్టేషను తెరువబడెను. దూరపు పేటలకు కాపురము మార్చినవారు సైతము రైలులో పేటకు వచ్చి పోగలుగుచున్నారు. ఇల్లు దూరమైనంత మాత్రమున అంగడియు బడియు దూరము కానక్కరలేదు.

3. కదలనివారికిని ఊరు మారుట

మనము కదలకుండినచో అంతయు మునుపటివలెనే యుండునని కొందరు తలంతురు. చరిత్ర అట్లు చెప్పుట లేదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడెను. ఆ దినముననే, అంతవరకు మదరాసు రాష్ట్రములో నుండిన బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. బళ్ళారిలోని తెలుగు కుటుంబములు ఇల్లు మార్చలేదు, వీథి మార్చలేదు. కాని వారి రాష్ట్రము మారెను. కార్యాలయముల భాష మారెను. పిల్లల చదువును గురించి క్రొత్త ఆలోచన అవసరమయ్యెను.

అదే దినమున రాజధాని కర్నూలుకు వచ్చెను. మదరాసులో స్థిరపడియుండిన ఉద్యోగులు కర్నూలు చేరవలసివచ్చెను. ఇండ్లు చాలక కార్యాలయములు డేరాలలో నడిచెను. మూడేండ్లు గడచినవో లేదో 1956 నవంబరు 1వ తేదీన రాజధాని హైదరాబాదునకు మారెను. మరల సామానులు కట్టవలసివచ్చెను. ఆరు దశాబ్దముల తరువాత అదియే తిరిగి జరిగెను. 2014లో రాష్ట్రము విడిపోగా, 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయము హైదరాబాదు నుండి వెలగపూడికి తరలెను. అనేకుల కుటుంబములు హైదరాబాదులో ఉండిపోవుటచేత ఉద్యోగులకు వారమునకు అయిదు దినముల పని విధానము కల్పింపబడెను. తరలివచ్చువారి పిల్లలకు స్థానికత్వము దక్కుటకై రాష్ట్రపతి ఉత్తర్వునకే సవరణ జరిగెను. ఒక కుటుంబము ఊరు మారునప్పుడు పిల్లల చదువే అన్నిటికంటె చిక్కు ముడి యని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లయ్యెను.

భారత రాజ్యాంగము 19వ అధికరణము దేశమంతట సంచరించుటకును, ఎచ్చటనైనను నివసించి స్థిరపడుటకును పౌరులకు హక్కు నిచ్చినది. కావున చిక్కపేటలో తెలుగువారు నివసించుట ఒకరి దయ కాదు; హైదరాబాదునకు పోవుట ద్రోహమును కాదు. రెండును హక్కులే. హక్కు ఉన్నదని తెలిసిన పిమ్మట మిగిలినది వివేకము.

4. ఒక్కరే కదలుట

కుటుంబమంతయు కదలక, చదువు కొరకు ఒక్కరే కదలుట మరియొక మార్గము. దీనికి మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జీవితము చక్కని నిదర్శనము. వారి పూర్వులు నేటి ఆంధ్రప్రదేశ్‌లో గిద్దలూరు ప్రాంతములోని మోక్షగుండము నుండి వచ్చినవారు. ఆయన చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో తెలుగు మాటలాడు కుటుంబమున జన్మించిరి. పై చదువునకు బెంగళూరు చేరి, మేనమామ అండతోను, పిల్లలకు పాఠములు చెప్పి సంపాదించిన ధనముతోను చదివి, 1881లో సెంట్రల్ కళాశాలనుండి పట్టము పొందిరి. తరువాత మైసూరు ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో పూనా పోయి ఇంజనీరింగు చదివిరి. బొంబాయి రాష్ట్రమున ఉద్యోగము చేసిరి. 1908 నాటి మూసీ వరదల తరువాత హైదరాబాదు నగర రక్షణకు ఉపాయము చెప్పిరి. 1909లో మైసూరునకు ముఖ్య ఇంజనీరుగా తిరిగివచ్చి, 1912 మొదలు 1918 వరకు దివానుగా నుండిరి.

ఈ ప్రయాణములలో ప్రతి దానికి ఒక ప్రయోజనమున్నది. మొదటి మజిలీలో ఆదుకొనుటకు ఒక బంధువున్నాడు. రెండవ మజిలీలో ఖర్చునకు వేతనమున్నది. "అక్కడికి పోయిన తరువాత చూచుకొందము" అను మాటతో బయలుదేరుటకును, దీనికిని ఎంత భేదమున్నదో గమనింపుడు.

5. లెక్క వేయు విధము

ఇప్పుడు ఒక ఊహా కుటుంబమును తీసికొని లెక్క వేయుదము. ఇవి పాఠము కొరకు మేము కల్పించిన అంకెలు. మీ ఇంటి అంకెలు వేరుగా నుండును. పద్ధతి మాత్ర మొక్కటియే.

తండ్రి చిక్కపేటలో పట్టుచీరల అంగడిలో పని చేయును. నెలకు జీతము 24,000 రూపాయలు. తల్లి ఇంటియొద్దనే చీరలకు కుచ్చులు కట్టి, ఫాల్ కుట్టి నెలకు 7,000 సంపాదించును. మొత్తము 31,000. ఇంటి అద్దె 9,000. పిల్లలు నడచి బడికి పోవుదురు గనుక రాకపోకలకు 500. తిండి బట్ట మొదలగు తక్కిన ఖర్చులు 14,000. మొత్తము ఖర్చు 23,500. నెలకు మిగులునది 7,500.

హైదరాబాదులో ఒక అంగడివారు తండ్రికి 32,000 ఇచ్చెదమనిరి. జీతము 8,000 పెరిగినది గదా యని కుటుంబమునకు సంతోషము కలుగును. కాని తల్లికి మొదటి యేడు పని దొరకుట కష్టము. పేటలో ఆమెకు చీరలిచ్చు అంగళ్ళవారు ఆమె చేతిపనిని ఎరిగినవారు. క్రొత్త ఊరిలో ఆ నమ్మకము మొదటినుండి సంపాదించుకొనవలెను. అచ్చట అద్దె 11,000. పిల్లల బస్సు ఖర్చు 2,500. తక్కిన ఖర్చులు 14,000. ఏడాదికి రెండు మారులు అవ్వను చూచుటకు వచ్చిపోవు ఖర్చు నెలకు 1,000 పడును. మొత్తము 28,500. మిగులునది 3,500. సామానుల లారీకి, బడిలో చేర్చుటకు, క్రొత్త దుస్తులకు ఒక్కమారు 30,000 ఖర్చయినచో నెలకు 2,500 చొప్పున తగ్గును. అప్పుడు మొదటి యేడు నెలకు మిగులునది 1,000 రూపాయలు మాత్రమే.

రెండవ యేట తల్లికి నెలకు 5,000 వచ్చు పని దొరకినచో మిగులు 8,500 అగును. అనగా పేటలో మిగిలిన దానికంటె 1,000 అధికము. జీతములో 8,000 పెరుగుదల, మిగులులో 1,000 పెరుగుదలగా మారినది. అదియు తల్లికి పని దొరకినప్పుడే!

మరియొక సంగతి. బెంగళూరులో ఇంటి అద్దెకు పది నెలల సొమ్మును అడ్వాన్సుగా కట్టు ఆచారము చాలకాలముగా నున్నది. ఆ లెక్కన 90,000 తిరిగి చేతికి వచ్చును. క్రొత్త ఊరిలో రెండు నెలల అడ్వాన్సు 22,000 పోగా 68,000 మిగులును. ఇది రాబడి కాదు. మన సొమ్మే మన చేతికి వచ్చుట. దీనిని మొదటి యేటి ఇబ్బందులకు దాచినవారు నిలుతురు. రాబడియని తలంచి ఖర్చు చేసినవారు చిక్కులలో పడుదురు.

ఈ లెక్క మనకు ముఖ్యముగా రెండు సంగతులు నేర్పుచున్నది. తండ్రి జీతమును మాత్రమే గాక ఇంటిల్లిపాది సంపాదనను లెక్కింపవలెను. మొదటి యేడును, రెండవ యేడును వేరువేరుగా లెక్కింపవలెను. ఇంటి ఆడవారి సంపాదన కాగితము మీదికి రాదు గనుక అనేకులు దానిని మరచిపోవుదురు. ఊరు మారిన పిమ్మట అదియే మొదట జ్ఞాపకము వచ్చును.

6. చదువు సంగతి

ఆ ఊహా కుటుంబములో బాలిక ఎనిమిదవ తరగతి, బాలుడు అయిదవ తరగతి చదువుచున్నారనుకొందము. వీరిలో బాలునికి మార్పు సులభము. బాలికకు తొమ్మిదవ తరగతి గడప యొక కూడలి వంటిది. కారణమేమన, వృత్తివిద్యా కళాశాలలలో చేరునప్పుడు ప్రతి రాష్ట్రము "ఈ విద్యార్థి మాకు స్థానికుడా?" అని అడుగును. కర్ణాటకములో సాధారణ నిబంధన ప్రకారము, ఒకటవ తరగతి మొదలు రెండవ పి.యు.సి. వరకు గల కాలములో కనీసము ఏడేండ్లు ఈ రాష్ట్రములో చదివి, పదవ తరగతి గాని పి.యు.సి. గాని ఇచ్చటనే ఉత్తీర్ణులు కావలెను. తెలుగు రాష్ట్రములలో రాజ్యాంగము 371-డి అధికరణము క్రింది ఉత్తర్వులను అనుసరించి, అర్హత పరీక్షతో ముగియు నాలుగేండ్ల వరుస చదువు అక్కడ ఉండవలెనను సూత్రము అమలులోనున్నది.

ఇప్పుడు ఆలోచింపుడు. బాలిక ఎనిమిదవ తరగతి ముగించి పోయినచో తొమ్మిది, పది, ఇంటరు రెండేండ్లు కలిసి నాలుగేండ్లు అచ్చట నిండును. పదవ తరగతి ఇచ్చటనే ముగించి పోయినచో కర్ణాటక అర్హత నిలుచును. తొమ్మిదవ తరగతి నడుమ పోయినచో రెండు చోట్లను ఆమె స్థానికత చిక్కులో పడవచ్చును. ఒక్క యేడు తొందరపడుటయో ఆలస్యము చేయుటయో అయిదేండ్ల తరువాత కళాశాల ద్వారమును మూయగలదు. ఈ నిబంధనలు అప్పుడప్పుడు మారుచుండును. కావున ఆ యా సంవత్సరపు ప్రకటనను చదివి, ప్రధానోపాధ్యాయులను అడిగి నిశ్చయించుకొనవలెను.

భాష విషయములో ఒక భ్రమను తొలగింపవలెను. తెలుగునాటికి పోయినంతనే పిల్లలకు తెలుగు మాధ్యమము దొరకునని కొందరు తల్లిదండ్రులు తలంచుచున్నారు. తెలంగాణములో 2022-23 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టబడెను. 2018 నాటి చట్టము వలన తెలుగు ఒక భాషగా అచ్చట తప్పక నేర్పబడుచున్నది. కాని తెలుగులో చదువుట వేరు, తెలుగును చదువుట వేరు. ఈ భేదము తెలిసికొని బడిని ఎంచుకొనవలెను.

అట్లే, ఇచ్చట ఉండువారు కన్నడమును బరువుగా తలంపరాదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. కొన్ని శతాబ్దముల క్రిందటివరకు అవి రెండును ఒక్కటిగనే యుండెను. కన్నడము బాగుగా నేర్చిన తెలుగు బాలునికి ఈ ఊరిలో ఉండుటకును ధైర్యము కలుగును, ఏ ఊరికైనను పోవుటకును ధైర్యము కలుగును. ఉన్న ఊరి భాష రాకపోవుటచేతనే ఊరు విడువవలసివచ్చుట మాత్రము విచారకరము.

7. తరగతిలో ఒక చోటు

ఇక తల్లిదండ్రులకు ప్రత్యేకముగా మనవి చేయవలసిన సంగతి యొకటి కలదు. 2011 జనాభా లెక్కల ప్రకారము కర్ణాటకములో ప్రతి వందమందిలో సుమారు ఆరుగురు తెలుగును మాతృభాషగా చెప్పినవారు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింపవలెనని రాజ్యాంగము 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఇది 1956లో చేర్చబడెను. అంతకుముందే, 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశము ఒక కొలత పెట్టెను. ఒక భాష మాటలాడు పిల్లలు బడి మొత్తములో నలుబది మంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని ఉన్నచో ఆ భాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెను. ఉన్నత పాఠశాల దశకు 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశము, కడపటి నాలుగు తరగతులలో అరువదిమంది, తరగతికి పదునైదుగురు అను కొలతను అంగీకరించెను.

పది, పదునైదు అనునవి ఎంత చిన్న సంఖ్యలో చూడుడు. పదునొకండు మంది ఉన్న తరగతినుండి ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు బదిలీ పత్రము తీసికొనినచో మిగిలినవారు తొమ్మిదిమంది. పోయిన ఇద్దరికి క్రొత్త బడి దొరకును. ఉన్న తొమ్మిదిమందికి తెలుగు ఉపాధ్యాయుడు ఉండునో లేదో యను సందేహము మిగులును. పెద్ద భాషవారి బడిలో ఒక చోటు ఖాళీయైన మరియొకరు వత్తురు. చిన్న సంఖ్యవారి బడిలో ఖాళీయైన చోటు ఖాళీగనే ఉండును.

అందుచేత బడి కొరకు కడుపు మాడ్చుకొని ఇచ్చటనే ఉండుడని మేము చెప్పము. అట్లు చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు. మేము కోరునవి మూడు. నగరములోనే మరియొక పేటకు కాపురము మారుచున్నచో, 1898లో అంగడిని పేటలో నిలుపుకొన్నవారి వలె, బడిని ఇచ్చటనే నిలుపుకొనవచ్చునేమో ముందు చూడుడు. ఊరు విడువవలసియే వచ్చినచో ఆ సంగతిని విద్యాసంవత్సరము ముగియక ముందే బడికి తెలుపుడు. ఖాళీని నింపుకొనుటకు వ్యవధి దొరకును. పోవునప్పుడు మీ ఇరుగుపొరుగున నున్న తెలుగు కుటుంబముతో, "మా బిడ్డ కూర్చున్న చోట మీ బిడ్డను చేర్పింపుడు" అని ఒక్క మాట చెప్పిపొండు. చిన్న సంఖ్యవారి బడులు ప్రభుత్వపు ఉత్తర్వులతో ఎంత నిలుచునో, ఇటువంటి మాటలతోను అంత నిలుచును.

8. ముగింపు

"రామేశ్వరము పోయినను శనీశ్వరము తప్పలేదు" అని మనవారు చెప్పుదురు. అప్పు, వ్యసనము, ఇంటిలోని పోరు ఊరు మార్చినంత మాత్రమున తీరవు. అవి సామానులతోపాటు లారీ ఎక్కును. పని, ఇల్లు, చదువు, తోడు అనువానిలో ఒక లోటు ఉన్న ఊరిలో తీరనిదై, క్రొత్త ఊరిలో తీరునదై యున్నచో పోవుట మంచిది. ఆ నాలుగింటిలో ఒక్కటి మాత్రమే మారవలసి యున్నచో ఆ ఒక్కదానిని మార్చి తక్కిన మూడింటిని నిలుపుకొనుట మేలు. నాలుగును మారవలసి యున్నచో ముందుగా ఒకరు పోయి చూచి, విద్యాసంవత్సరపు చివర అందరును కదలుట క్షేమము. ఇంటిలోని అవ్వతాతలను, పిల్లలను కూడ కూర్చుండబెట్టి అడిగిన తరువాతనే నిశ్చయింపవలెను. వారిని అడుగక చేసిన నిర్ణయమును వారు మోయగలరే గాని ప్రేమింపలేరు.

సాధన

1. మీ కుటుంబము చిక్కపేటకు గాని ఈ నగరమునకు గాని ఎప్పుడు, ఎచ్చటనుండి, ఏ కారణమున వచ్చెనో ఇంటి పెద్దలను అడిగి పది వాక్యములలో వ్రాయుడు.

2. 1898లో పేటవాసులు కొందరు త్రొక్కిన మూడవ మార్గమేది? అది అందరికిని ఎందుకు లభింపలేదు?

3. అయిదవ భాగములోని లెక్కను, తల్లికి రెండవ యేడు కూడ పని దొరకలేదనుకొని మరల వేయుడు. అప్పుడు మీరిచ్చు సలహా ఏమి?

4. "తెలుగులో చదువుట వేరు, తెలుగును చదువుట వేరు." ఈ భేదమును మీ మాటలలో వివరింపుడు.

5. మీ తరగతిలోని విద్యార్థుల సంఖ్యను వ్రాసికొనుడు. వచ్చు సంవత్సరము మీ వీథినుండి మన బడిలో చేరదగిన పిల్లలు ఎందరున్నారో తెలిసికొని, వారి తల్లిదండ్రులతో మాటలాడి రండు.